ఆరో నంబరు బాయి మీద మంద

ఆరో నంబరు బాయి కాలనీ
10 ఫిబ్రవరి 2019

మరదలు సోమమ్మను దీవించి వదిన నాగరాణి రాయునది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, మొక్కలు తప్ప.

ఫోనుండగా ఈ ఉత్తరమేంటని నవ్వకు. ఫోన్ చేస్తే నా తమ్ముడు స్పీకర్ పెట్టి మంచం మీద పడేస్తాడు, మీ వాడంతా కూర్చుని వింటుంది. ఇటు మా ఆయన సంగతి నీకు తెలిసిందే. ముప్పై ఏళ్ళు బొగ్గుబాయిలో పేలుళ్ళ మోతకు చెవులు దిబ్బడేశాయి గానీ, నా తమ్ముడి పేరు ఎత్తితే మాత్రం పక్క వీధిలో ఉన్నా వినపడుతుంది. బావాబామ్మర్దులకు మాటలు లేక రెండేళ్ళు కావొస్తోంది. ఉత్తరమైతే ఇద్దరికీ దొరకదు. నువ్వు ఏడో తరగతి చదివావు, తమ్ముడికి అక్షరం ముక్క రాదు. వాడికి చదువు రాకపోవడం ఇన్నాళ్ళకు ఒక పనికొచ్చింది. చదివి పొయ్యిలో పెట్టు.

అసలు సంగతి ఇది. ఆరో నంబరు బాయి మూసేసి నాలుగేళ్ళయింది. కింద అక్కడక్కడ స్తంభాల్లా వదిలి మిగతా బొగ్గంతా తీసుకుని, కప్పు కూలగొట్టి పైకొచ్చేశారు. పైన పన్నెండెకరాల నేల అక్కడక్కడ కుంగి పగుళ్ళిచ్చింది. ఆ పగుళ్ళు పూడ్పించి, చదును చేసి, చెట్లు పెంచే పని కంపెనీ మాకిచ్చింది. నేను మేస్త్రీని, నా కింద ఆరుగురు ఆడవాళ్ళు. పోయిన వానాకాలం పెట్టిన మొక్కల్లో ఇప్పుడు పదింటికి మూడే బతికి ఉన్నాయి. పైన పరిచింది బాయిలోంచి వచ్చిన రాతిపొడి. నీళ్ళు పోస్తే పోసినట్టే కిందికి దిగిపోతాయి.

అంతటితో ఆగితే బాగుండేది. పోయిన నెల మొక్కల ఆఫీసరు మురళీమోహన్ సారు చూడడానికి వస్తున్నాడని కబురొచ్చింది. పోచంపల్లి మనిషి, మెత్తనివాడే. నాకేం బుద్ధి పుట్టిందో, వాగొడ్డున వావిలి కొమ్మలు నరికించి, మొక్క ఎండిన ప్రతి గుంతలో ఒకటి గుచ్చించాను. సారు గట్టు మీదే నిలబడి చూసి, "భేష్ నాగరాణమ్మా, పదింటికి తొమ్మిది బతికినయి" అని పుస్తకంలో రాసుకుని వెళ్ళాడు. నా కూలీల్లో ఒకతె, మల్లీశ్వరి, నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇప్పుడా రాత నా మెడకు చుట్టుకుంది. అంత బాగా బతికాయంటే చూడాలని, దసరా తర్వాత హైదరాబాదు నుంచి కమిటీ వస్తుందట. ఒక్కో మొక్కనూ ముట్టుకుని చూస్తారట. పదింటికి ఏడు లేకపోతే మా పని తీసేసి మిషన్లున్న కాంట్రాక్టరుకు ఇస్తారు. నా సంగతి అట్లా ఉంచు, నన్ను నమ్ముకున్న ఆరుగురిలో నలుగురి ఇళ్ళలో ఈ కూలి ఒక్కటే ఆధారం. కొమ్మలు గుచ్చమన్నది నేను, వాళ్ళు కాదు.

రెండు లారీల గొర్రె ఎరువు పంపే ఉపాయం చూడు. తమ్ముడికి తెలియకుండా.

నీ వదిన
నాగరాణి


రాళ్ళకుంట గూడెం, దేవరకొండ
24 ఫిబ్రవరి 2019

నాగరాణి వదినెకు సోమమ్మ శనార్తులు.

ఉత్తరం అందింది. పొయ్యిల పెట్టలే, దూలం సందుల దాసిన. వావిలి కొమ్మల కత సదివి గట్టిగ నవ్వితే దొడ్డిల గొర్లు బెదిరినయి. అక్షరాలు గింత పెద్దగున్నయేందని అనకు. చాన్నాళ్ళకు కలం పట్టిన, చెయ్యి తిరుగుతలేదు.

లారీల ముచ్చట మర్చిపో వదినె. పెంటికలు లారీల పోస్తవు సరే, గొర్రె ఉచ్చ ఏ డబ్బాల తెస్తవు? మంద పండుకున్న జాగల పెంటిక, ఉచ్చ, డెక్కల తొక్కుడు, మూడూ గలిస్తెనే మట్టి కదుల్తది. మా దిక్కు రైతులు ఎండకాలం వచ్చిందంటే, "జర మా చేన్ల నాలుగు రాత్రులు మంద పెట్టుండ్రి" అని గింజలిచ్చి బతిమాలుకుంటరు. మీ కంపెనీకి గీ ముచ్చట ఎవ్వరూ చెప్పలేదా? ఎవరో ఒకరు చెప్పే ఉంటరు. ఇనలేదేమో.

ఇంకొకటి. ఇప్పటిసంది నల్లతుమ్మ కాయ రాలుతది. మంద దాన్ని కరకర నములుతది. నెమరేసేటప్పుడు కొన్ని గింజలు ఉమ్మేస్తయి, కొన్ని పెంటికల పడ్తయి. కడుపుల నానిన గింజ రెండు వానలకే లేస్తది. మీ నర్సరీ మొక్కలు నీడల పెరిగిన బిడ్డలు, ఎండ తగలంగనే మంచం పడ్తయి. తుమ్మకు నీ రాతిపొడి ఒక లెక్క గాదు.

శివరాత్రి దాటంగనే మీ తమ్ముడు మూడు వందల జీవాలను తోల్కొని గోదారి దిక్కు పోతడు. ఏటా పోయేదే. గీసారి తోవ జర మీ దిక్కు మళ్ళిస్త. ఆయనను ఒప్పిచ్చుడు నాకు ఇడిసిపెట్టు. ఎంత కోపమున్నా అక్క ఆపదల ఉన్నదంటే ఆగే మనిషి గాదు. మీ తమ్మునంత తెలివిగల్లోడు, ఓపికగల్లోడు ఈ మండలంల ఇంకొకడు లేడు. గది నీకు ఎర్కలేదు.

సోమమ్మ


ఆరో నంబరు బాయి కాలనీ
9 మార్చి 2019

సోమమ్మా,

ముందు ఒక్క మాట చెప్పు. పదిహేనేళ్ళ కాపురంలో మొగుడిని ఒక్కనాడు పొగడని దానివి, ఇప్పుడు మండలంలోనే లేడంటున్నావు. ఏం పెట్టాడు? కాళ్ళకు వెండి కడియాలు చేయించాడా? లేక నా ముందర గొప్ప చెప్పమని కర్ర పట్టుకుని పక్కన కూర్చున్నాడా?

నీ ఉపాయం బాగానే ఉంది గానీ, మా గేటు మీద బోర్డు ఉంది. "పశువులకు ప్రవేశం లేదు" అని. తెల్ల రంగు వేసి, నీలం అక్షరాలు దిద్దింది నేనే. కాలనీ మేకలు లోపలికొస్తే పట్టుకుని కట్టేసి, వాటి యజమానులతో చెడామడా పోట్లాడేదీ నేనే. ఇప్పుడు మూడు వందల గొర్రెలకు తాళం తీయాల్సింది కూడా నేనేనన్నమాట. దొంగకు తాళం చెవి ఇచ్చినట్టు అనే సామెత ఉంది కదా, ఇక్కడ దొంగా నేనే, తాళం చెవీ నా దగ్గరే.

ఇక మా ఆయన. పరశురాములు గారు ఇప్పటికీ పొద్దున్నే లేచి ఆ నేల మీద నడిచొస్తారు. ముప్పై ఏళ్ళు కింద కప్పు పడకుండా దుంగలు నిలబెట్టిన మనిషి, ఇప్పుడు అదే కప్పు మీద నడుస్తున్నాడు. మడమతో గట్టిగా తొక్కి చూసి, "గీడ స్తంభమున్నది, గట్టి. గీడ బోలు, ఎవ్వరూ రావద్దు" అంటాడు. చెవికి వినపడనిది ఆయన మడమకు వినపడుతుంది. ఉత్తరం వైపు మమ్మల్ని పని కూడా చేయనివ్వడు. ఆయన మాట కాదని మంద దించితే జీవాలకే ముప్పు. ఆయనకు చెబుదామా అంటే, మంద ఎవరిదని అడుగుతాడు.

మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ నాడు జరిగింది నీకు గుర్తుండే ఉంటుంది. మేనమామ హోదాలో చీరా గాజులూ తెచ్చిన నా తమ్ముడు ఈ నేల చూసి, "అక్కా, గీడ మంద పెట్టాలె" అన్నాడు. దానికి మా ఆయన నలుగురిలో, "అక్షరం ముక్క రానోడు, గొర్ల తోకలు పట్టుకొని తిరిగెటోడు, కంపెనీ సార్లకు మట్టి గురించి చెప్తడా?" అన్నాడు. తమ్ముడు విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి సంగతి నేను రాయను. రాయబుద్ధి కావడం లేదు.

అయినా సరే, మందను పంపు. గేటు తీస్తాను.

నాగరాణి


రాళ్ళకుంట గూడెం
28 మార్చి 2019

వదినెకు,

మంద కదిలింది. జల్ది రాస్తున్న.

తోవ పొంటి తుమ్మ కాయ మస్తుగ రాలింది. జీవాలు కడుపునిండ మేస్తున్నయి. మొన్న ఒక కాలువ కాడ నీళ్ళు బాగున్నయి, నిన్న ఒక చేన్ల పెసర కట్టె దొరికింది. మీ తమ్ముడు కావాలని తుమ్మలున్న తోవనే పడుతున్నడు, రెండు కోసులు ఎక్కువైనా సరే.

ఆయన ఒప్పుకున్నడు గాని షరతులు పెట్టిండు. నీ ఇంట్ల అడుగు పెట్టడట. నీ ఇంట్ల నీళ్ళు తాగడట. బావ ముందుగాల మాట్లాడితే తప్ప నోరు తెరవడట. వచ్చేది అక్క ఇంటికి గాదు, అక్క భూమికి అన్నడు. నేను మస్తు చెప్పి చూసిన, ఇంటలేడు. పట్టుదల మనిషి.

గాని ఒకటి. తలకాయ కూర కారం ఎక్కువేసి పంపితే గట్టు మీద కూసొని తింటడు. షరతులల్ల కూర ముచ్చట లేదు.

సోమమ్మ


ఆరో నంబరు బాయి కాలనీ
12 మే 2019

సోమమ్మా,

పోయిన ఉత్తరం మీద సూర్యాపేట ముద్ర ఉంది. మీ గూడెం ఎప్పుడు నడిచి వెళ్ళింది అక్కడికి? సరే, అది తర్వాత. చెప్పాల్సింది చాలా ఉంది.

నీ మొగుడు పోయిన నెల ఇరవై నాలుగున వచ్చాడు. గేటు బయట నిలబడి, నా వంక చూడకుండా, "భూమి యాడున్నది?" అని ఆకాశాన్ని అడిగాడు. రెండేళ్ళ తర్వాత తమ్ముడు నాతో అన్న మొదటి మాట అది. ఎండకు నల్లబడ్డాడు, మీసంలో తెల్ల వెంట్రుకలొచ్చాయి. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి, దేన్నీ బయటికి రానివ్వలేదు. గేటు తీశాను.

మంద చూడముచ్చటగా ఉంది. గొర్రెల వీపుల మీద ఎర్ర జాజు మట్టితో ఒక్కోదానికి ఒక్కో అక్షరం రాసి ఉంది. ఇదేంటిరా అంటే, "గుర్తులు" అన్నాడు. నాలుగిళ్ళ మంద కలిపి తోలుకొచ్చాడేమో అనుకున్నాను.

మూడు రోజులు మా ఆయన అరుగు మీద అటు తిరిగి కూర్చున్నాడు. నేను తలకాయ కూర గిన్నె పట్టుకుని పోతుంటే, "ఎవరికి?" అన్నాడు. "పనోళ్ళకు" అన్నాను. "పనోళ్ళకు గంత కారం ఎందుకు?" అన్నాడు.

నాలుగో రోజు పొద్దున పెద్ద పొట్టేలు ఒకటి, వీపు మీద 'ప' ఉన్నది, మంద విడిచి ఉత్తరం వైపు పరిగెత్తి పగులులో పడింది. ఛాతీలోతు కంటే కిందికి పోయి కనపడడం లేదు, అరుపు మాత్రం వినిపిస్తోంది. తమ్ముడు కర్ర పారేసి దాంట్లోకి దూకబోయాడు. అప్పుడు గట్టు పక్కనే ఉన్న మా ఇంటి అరుగు మీంచి ఒక కేక వినపడింది.

"దుంకకురా! కింద బోలున్నది!"

రెండేళ్ళ మౌనం అట్లా పోయింది. మా ఆయన ఈ వయసులో ఎట్లా పరిగెత్తాడో నాకు తెలియదు. రెండు పలకలు, ఒక మోకు తెప్పించాడు. పగులుకు అడ్డంగా పలకలేసి, బోర్లా పడుకుని, పక్క మట్టిని మోచేత్తో తట్టి చూసి, ఒక దిక్కు నుంచి మెల్లగా దిగాడు. తమ్ముడు పైన మోకు పట్టుకున్నాడు. పావుగంటకు పొట్టేలు పైకొచ్చింది, దాని వెనక మా ఆయన. ఇద్దరూ మట్టి కొట్టుకుని గట్టు మీద కూలబడ్డారు.

"భూమి కింద ఏమున్నదో గొర్లోనికి ఏం ఎర్క?" అన్నాడు మా ఆయన, ఆయాసపడుతూనే.

"కింద ఏమున్నదో నీకెర్క బావ. మీద ఏం మొలుస్తదో నాకెర్క" అన్నాడు తమ్ముడు.

మా ఆయన పొట్టేలు కాళ్ళు తడిమి చూశాడు. తర్వాత, "పొట్టేలు మంచిగున్నది" అన్నాడు. తమ్ముడు తన ముంతలో నీళ్ళిచ్చాడు. ఈయన తాగాడు. క్షమాపణ చెప్పడం ఈ మొగవాళ్ళకు ఇంతకంటే రాదు కాబట్టి నేను అదే చాలనుకున్నాను.

మర్నాటి నుంచి మా ఆయన ముందు నడిచి, మడమతో తొక్కి చూసి, కింద స్తంభం మిగిలి ఉన్న చోట సున్నంతో గీత గీయడం, ఆ గీతలో తమ్ముడు సాయంత్రం మంద కట్టడం. పన్నెండు రోజులు పన్నెండు చోట్ల కట్టారు. గొర్రెలు తొక్కీ తొక్కీ ఆ రాతిపొడి మెత్తబడింది.

ఇక అసలు గండం విను. ఆఖరి రోజు మధ్యాహ్నం ఫోన్. "సారు దారిలో ఉన్నాడు, అరగంటలో వస్తాడు." లోపల మూడు వందల గొర్రెలు! అందరం కొంగులు బిగించి, చేటలు మోగించి, మందను ఒకప్పుడు బాయిలోకి గాలి పంపిన పాత ఫ్యాన్‌హౌస్ వెనక్కి తోలేశాం. ఒక్క పిల్ల మాత్రం మిగిలిపోయింది. అప్పటికే జీపు గేటు దగ్గరికొచ్చింది. మల్లీశ్వరి పిల్లను గంపలో పెట్టి పైన గోనెసంచి కప్పి దాని పక్కనే కూర్చుంది. అది 'మే' అన్నప్పుడల్లా ఇది గట్టిగా దగ్గుతుంది. సారు రెండుసార్లు చూసి, "ఏమమ్మా, జలుబా?" అని జేబులోంచి మాత్ర తీసిచ్చాడు. పాపం, దానికేమీ లేకపోయినా మింగింది.

తర్వాత సారు వంగి నేల చూశాడు. ఎటు చూసినా పెంటికలే.

"నల్లగ గుండ్రంగున్నయి, ఇవేంటివి?"

నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో దేవుడికే తెలియాలి. "సేంద్రియ గుళికలు సార్. దేవరకొండ నుంచి తెప్పించినం."

సారు ఒకటి తీసి, వేళ్ళతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, పుస్తకం తీశాడు. "కంపెనీ పేరు?"

"పర్వతాలు ఆగ్రో సార్."

రాసుకున్నాడు. వెళ్ళిపోయాడు. జీపు మలుపు తిరిగాక మేము నేల మీద పడి దొర్లాం. మీ ఆయన మాత్రం నవ్వలేదు. తన పేరు సారు పుస్తకంలోకి ఎక్కిందని మీసం దువ్వుకున్నాడు.

మంద వెళ్ళిన మర్నాడు చూస్తే, గేటు మీద నా బోర్డు కింద ఎవరో బొగ్గుతో రాసిపెట్టారు. "పశువులకు ప్రవేశం లేదు" అన్న నా మాటకు కింద, "గొర్లు పశువులు గావు, చుట్టాలు" అని. మా ఆయన పనే అయ్యుంటుంది. తాను కాదని ఆయన పిల్లల మీద ఒట్టేస్తున్నాడు.

ఇప్పుడిక వానకోసం చూస్తున్నాం.

నాగరాణి


రాళ్ళకుంట గూడెం
20 జులై 2019

నాగరాణి వదినెకు శనార్తులు.

మంద ఇల్లు చేరింది. రెండు పెద్ద వానలు పడ్డయి. సూర్యాపేట ముద్ర గురించి పరేషాన్ కాకు. మా చుట్టం ఒకాయన అటు పోతుంటే డబ్బాల వెయ్యిమని ఇచ్చిన. గంతే.

మీ దిక్కు వానలు పడ్డయా? మొలకలు లేసినయా? లేస్తే గుత్తులు గుత్తులుగ లేస్తయి. అన్నీ ఒక్కకాడనే ఉంచకు, ఒకదాన్నొకటి తింటయి. ముసురు పట్టిన దినం చూసి, జానెడు కాకముందే, మట్టి పెళ్ళతోటి లేపి ఖాళీ గుంతలల్ల పెట్టు. వేరు తెగిందో, మళ్ళ లేవది. బోర్డు మీద రాసింది ఇంకా ఉన్నదా, వానకు కొట్టుకపోయిందా? ఉత్తగనే అడుగుతున్న.

మల్లీశ్వరికి జలుబు తగ్గిందా?

నువ్వు అన్నీ రాసినవు గాని ఒక ముచ్చట రాయలే. మంద కదిలినప్పుడు నువ్వు గేటు పట్టుకొని ఏడ్సినవట. మీ తమ్ముడు ఎనుకకు తిరిగి చూసిండట. అంత మంచిగ జరిగినంక ఎందుకు ఏడుస్తరు? ఆయనకు సమజ్ కాలే. గిప్పటికీ అడుగుతున్నడు.

సోమమ్మ


ఆరో నంబరు బాయి కాలనీ
20 అక్టోబరు 2019

సోమమ్మా,

గెలిచాం. పదింటికి ఎనిమిది.

నువ్వు రాసినట్టే గుత్తులుగా మొలిచాయి. ముసురు పట్టిన వారం రోజులు, గోనెసంచులు నెత్తిన వేసుకుని ఏడుగురం మట్టి పెళ్ళలతో మొలకలు మోసి ఖాళీ గుంతల్లో పెట్టాం. కమిటీవాళ్ళు మొన్న పొద్దంతా తిరిగారు. ఒకాయన అనుమానంగా ఒక మొక్కను పట్టి లాగాడు. అది రాలేదు, ముల్లు గుచ్చుకుని ఆయనే వెనక్కొచ్చాడు. ఏడో నంబరు నేల కూడా మాకే ఇస్తున్నట్టు కాగితం మీద రాశారు. మల్లీశ్వరి ఈసారి నవ్వలేదు, ఏడ్చింది.

కమిటీ జీపులు కదిలాక మురళీమోహన్ సారు ఆగిపోయి నన్ను పక్కకు పిలిచాడు.

"నాగరాణమ్మా, నేను పోచంపల్లిల మగ్గమున్న ఇంట్ల పుట్టిన. మా ఇంటెనకనే గొర్ల దొడ్డి ఉండె. పెంటికకు గుళిక అని పేరు పెడ్తే నాకు తెల్వదనుకున్నవా?"

నా కాళ్ళ కింద స్తంభం ఉందో బోలు ఉందో తెలియలేదు. "మరి అప్పుడే అనకపోతిరి సార్?"

"కొమ్మలు గుచ్చినప్పుడే అనేదుండె. ఆడబిడ్డలు ఏడుగురు గట్టు మీద నిలవడి నా ముఖమే చూస్తున్నరు. రాసేసిన. కమిటీ వస్తదనంగానే నాకూ జ్వరమొచ్చింది. నీ ఉద్యోగం పోతే నాది ఉంటదా? అటు చూడు, నీ వావిలి కొమ్మలు గుడ కొన్ని చిగురేసినయి."

వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి బోర్డు చదివాడు. రెండుసార్లు చదివాడు. "దీన్ని తుడవకుండ్రి. వచ్చే ఏడు గేటు జర వెడల్పు చేయిస్త. ఏడో నంబరుకు చుట్టాలను పిలువు" అన్నాడు.

ఇక్కడి వరకు నీకు, సోమమ్మా. ఇక మీద రాసేది నా తమ్ముడికి.

ఒరే పర్వతాలూ,

బోర్డు మీది బొగ్గు అక్షరాలు వానకు పోలేదు. నువ్వు అడిగావని పోయి చూశాను. ఇంటికొచ్చి, ఈ ఏడాది వచ్చిన ఉత్తరాలు తీసుకుని మళ్ళీ గేటు దగ్గరికి పోయి పక్కపక్కన పెట్టి చూశాను. అదే 'చ', కడుపు ఉబ్బిన 'చ'. అదే వంకర. సోమమ్మ ఈ ఊరికి రానే లేదు కదరా.

గొర్రెల వీపుల మీద గుర్తులన్నావు. నేను నమ్మాను. బడికెళ్ళిన దాన్ని నేను, నాకే ఆ మాత్రం తెలియలేదు.

నేనెందుకు ఏడ్చానో అడిగావు. చెబుతాను. మీ బావ ఆ మాట అన్ననాడు నేను పక్కనే వడ్డిస్తూ ఉన్నాను. నోరు మెదపలేదు. వాడికి చదువు రాకపోవడం నా వల్లేనని నేను చెప్పాల్సింది. ఇద్దరిలో ఒకరు బడికి, ఒకరు మంద వెంట అని బాపు అన్నప్పుడు నీకు ఏడేళ్ళు. మూలనున్న కర్ర నువ్వే వెళ్ళి తీసుకున్నావు. నేను పలక తీసుకున్నాను. అందరిలో నిన్ను అంత మాట అంటే గరిటె పట్టుకుని నిలబడ్డాను. మందతో నువ్వు పోతుంటే నీ భుజం మీద అదే కర్ర కనపడింది. అందుకే ఏడ్చాను.

నీకు అక్షరం ముక్క రాకపోవడం ఒక పనికొచ్చిందని నా మొదటి ఉత్తరంలో రాశాను. ఆ మాట నువ్వే చదువుకున్నావు. నాకు చాలా సిగ్గుగా ఉందిరా తమ్ముడూ.

అక్క


రాళ్ళకుంట గూడెం
5 నవంబరు 2019

అక్క నాగరాణికి తమ్ముడు పర్వతాలు సొంత పేరు మీద రాసేది.

దొరికిపోయిన. 'చ' నాకు మొదటిసంది చెప్పినట్టు ఇనదు.

బావ అన్న మాటకు ఆ ఏడే సోమమ్మ ముందట కూసున్న. అది పలక తెచ్చింది. పలక ముందట నాకు నిద్రొచ్చేది. మంద ఎనుక నిద్ర రాదు గద. గందుకని జాజు తీసి దినాం ఒక గొర్రె వీపు మీద ఒక అక్షరం రాసుడు, పొద్దుందాక దాని ఎనుక నడుసుడు. సాయంత్రానికి వచ్చేది. ముందుగాల నడిచే జీవాలను కలిపి సదివెటోన్ని. ఒక్కోపాలి వాటంతటవే మాటలయ్యేటివి. ఒకనాడు నా ముందట 'బావ' అని వచ్చింది. కర్ర తీసుకొని రెండింటినీ చెదరగొట్టిన.

మొదలు రాసింది 'అ' గాదు. 'నా'. నీ పేరుల మొదటిది. ఆ గొర్రె ముసలిదైంది, పండ్లు ఊడినయి. అంగడికి తోలుమని అందరంటరు. నేను తోలలే.

సిగ్గు పడకు అక్కా. కర్ర నేను నీ కోసం తీసుకోలే. బడిల పంతులు తొడపాశం పెడ్తడని భయపడి తీసుకున్న. గిది అబద్దమని నీకు అనిపిస్తే, అనిపించనట్టే ఉండు.

శివరాత్రి దాటంగనే వస్త. ఈసారి షరతుల్లేవు. ఇంట్లనే తింట. ఏడో నంబరు కింద స్తంభాలు యాడున్నయో బావను ఇప్పటిసందే తొక్కి చూడుమను. ఇంకొకటి గుడ చెప్పు. మందంత చదువుకున్నది, జర మర్యాదగ మాట్లాడుమను.

నీ తమ్ముడు
పర్వతాలు

వదినె, నేను సోమమ్మను. నిజంగ నేనే, చేతిరాత చూడు. పదిహేనేళ్ళల నేను ఆయనను ఒక్కసారి గుడ పొగడలే, ఇప్పుడూ పొగడలే. మండలంల లేడు, ఓపిక, పట్టుదల అని ఉన్నయి సూడు, అవన్నీ ఆయన రాసుకున్నయే. నేను పక్కనే కూసొని చూసిన. ఒక్కటి గుడ కొట్టెయ్యలే.